బీరవ్వ, పులిగాడి వెనక కాళ్ళు

అనగనగా, అంటే ఎప్పుడో, కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, గొర్రెల మంద వెంట బీరవ్వ అనే ముసలమ్మ నడిచేది. ఆమెకు గొర్రె లేదు, గుడిసె లేదు, నా అనేవాళ్ళు లేరు. ఉన్నదల్లా పులిగాడనే కుక్క. పేరుకే పులి, పిల్లి ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. తోడేలు వచ్చిన రోజున మాత్రం తప్పుకోలేదు.

తోడేలు వాడి నడుం పట్టి విసిరికొట్టింది. మంద దక్కింది గానీ పులిగాడి వెనక కాళ్ళు తడిగుడ్డల్లా పడిపోయాయి.

మంద మేతకోసం దూరపు లోయకు కదలాలి. మందపెద్ద గట్టయ్య చెడ్డవాడు కాదు, కట్టుబాటు మనిషి. "నడవలేనిది మందల ఉండదవ్వా. ఈడనే ఇడిశిపోదాం," అన్నాడు. విడిచిపెడితే తోడేళ్ళ పాలే.

"మోసేదాన్ని నేను. నీకేం బరువు బిడ్డా?" అంది బీరవ్వ. కుక్కను గొంగడిలో కట్టి వీపున వేసుకుంది.

మొదటి మజిలీలో ఆమె వాడి డొక్క గోకింది. వెనక కాలు టకటకా గాలిని గోకింది. జనం నవ్వారు. "దొంగ కుక్క. నడిశెటందుకు బద్దకం," అన్నారు.

"నడవలేనిది మందల ఉండదవ్వా," అన్నాడు గట్టయ్య.

"మోసేదాన్ని నేను. నీకేం బరువు బిడ్డా?"

రెండో మజిలీలో వాడి వెనక పాదంలో ముల్లు కనబడితే లాగింది. కాలు చటుక్కున ముడుచుకుంది. పులిగాడు మాత్రం అటు తిరగలేదు, కుయ్యిమనలేదు. ఆమె చెయ్యి నాకుతూనే ఉన్నాడు.

బీరవ్వ ముల్లు పక్కన పడేసింది. "కాలుకు తెలిసింది, కుక్కకు తెల్వలే. మరి కాలును గుంజుకున్నదెవరు?"

ఆమె వేళ్ళు మెడ నుంచి తోక దాకా వెన్ను తడిమాయి. తలలో ఒకరుంటే, ఈ ఎముకల వరుసలో ఇంకొకరున్నారు. తలలో ఉన్నది ఎటు పోవాలో చెప్పేవాడు, వెన్నులో ఉన్నది అడుగులు వేయించేవాడు. ఇద్దరి మధ్య కబురు తెగింది, అంతే.

మూడో మజిలీలో ఆమె గొంగడి మడిచి వాడి నడుం కింద దూర్చి ఎత్తి పట్టుకుంది. పాదాలు నేలకు ఆనించి వాడిని మెల్లగా ముందుకు జరిపింది. నేల ఒక కాలును వెనక్కు లాగింది. ఆ కాలు దానంతటదే లేచి ముందుకొచ్చింది. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది.

పాత మాట అనడానికే వచ్చిన గట్టయ్య తలపాగా తీసి కింద కూలబడ్డాడు. "అవ్వా, నడిపించేదెవరే?"

"నేనైతే కాదు బిడ్డా. వాడి వెన్నుల ఉన్నోడు. నేను నేల మీద పెట్టిన, గంతే."

రోజూ అలాగే నడిపించింది. వానలు వచ్చి పోయేసరికి తెగిన కబురు కొంత అతుక్కుంది. పులిగాడు తనంతట తానే నడిచాడు. వంకర నడకే. మలుపు దగ్గర ముందు కాళ్ళు ఒక దారి పడితే వెనక కాళ్ళు కాసేపు ఆలోచించేవి. అయినా నడిచాడు. గట్టయ్య కట్టుబాటు ఆనాడే పోయింది.

బీరవ్వ పోయినప్పుడు మందంతా ఆమె వెంట నడిచింది. పులిగాడూ నడిచాడు.

ఇప్పటికీ ఆ కొండల్లో గొర్రె ఈనితే కాపరి పుట్టిన పిల్లను చూస్తాడు. ఎవరి నడకా చూడని పిల్ల, ఒళ్ళింకా ఆరని పిల్ల. దాని తడి వెన్ను మీద మెడ నుంచి తోక దాకా వేలు రాసి, "లే బిడ్డా, బీరవ్వ చూస్తున్నది," అంటాడు. పిల్ల తూలుతుంది, పడుతుంది, లేస్తుంది. ఎవరూ నేర్పకుండానే తల్లి వైపు నడుస్తుంది. ఎన్ని ఈతలు చూసిన కాపరైనా అప్పుడు తలపాగా తీస్తాడు.