కుందేలు అడుగుజాడ ఎందుకు తెగిపోతుంది

ఒకప్పుడు కుందేలు గీత గీసినట్టు తిన్నగా నడిచేది. మేతకు తిన్నగా పోయేది, పిల్లల దగ్గరికి తిన్నగా వచ్చేది. "మా ఇంటావంటా వంకర నడక లేదు" అని మిట్ట మీద కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. ఎవరూ అడగలేదు, అయినా చెప్పేది.

ఆ ఏడు కుందేలమ్మకు మూడు పిల్లలు పుట్టాయి. మూడింటినీ ఒకే గడ్డిదుబ్బులో పడుకోబెట్టింది. అది చూసి తీతువు పరుగెత్తుకొచ్చింది. ఈ తీతువు తన గుడ్లు మాత్రం ఆరుబయట రాళ్ల మధ్య పెట్టుకుంటుంది. పిల్లల పెంపకం మిట్టంతటికీ నేర్పుతుంది.

"ఏంటి వదినా, ముగ్గురినీ ఒకేచోట పెట్టావు? నక్క మామ కంటబడితే ఒక్క పూటలో ఇల్లు ఖాళీ! తలో దుబ్బులో దాచు."

కుందేలమ్మ సరేనంది. పిల్లల్ని విడివిడిగా దాచి, "ఎవరు పిలిచినా పలక్కండి" అని చెప్పి, మేతకు పోయింది.

పొద్దు వాలేవేళ పాలివ్వడానికి తిరిగొచ్చింది. మిట్ట నిండా దుబ్బులే. అన్నీ ఒకేలా ఉన్నాయి.

"పెద్దోడు ఇక్కడే కదూ?" అని ముందుకు పోయింది. లేడు. "కాదు, వెనకేనేమో!" అని తన అడుగుల మీదే వెనక్కొచ్చింది. అక్కడా లేడు. "ఒరే నాన్నా!" అని పిలిచింది. ఎవరూ పలకలేదు. బుద్ధిమంతులు మరి.

అంతలో నక్క కనబడింది! నేలకు ముక్కు ఆనించి, కుందేలు వాసన పట్టుకుని వస్తోంది. కుందేలమ్మ అదిరిపడి పక్కకు ఒక్క గెంతు గెంతింది. దూరంగా ఉన్న దుబ్బులో పడింది. అక్కడ చిన్నోడు ముడుచుకుని ఉన్నాడు. వాడి పక్కనే నేలకు కరుచుకుపోయింది.

నక్క వాసన వెంట ముందుకు పోయింది. ఉన్నట్టుండి వాసన ఆగిపోయింది. వెనక్కొచ్చింది. అక్కడా తెగిపోయింది. అటు తిరిగింది, ఇటు తిరిగింది, చివరికి ఆకాశంలోకి చూసింది.

"ఏం మామా, ఎవరికోసం?" అంది తీతువు.

"కుందేలు... దానికి రెక్కలెప్పుడొచ్చాయి?"

"మాకు చెప్పనేలేదే!" అంది తీతువు చిన్నబుచ్చుకుని.

నక్క తల విదిలించుకుంటూ వెళ్లిపోయింది. ఆకలికి ఆగలేక మిగతా ఇద్దరు పిల్లలూ తామే తొంగిచూశారు.

"ఎలా తప్పించుకున్నావు వదినా?" అని తీతువు ఆరా తీసింది.

"ఏమో వదినా! ముందుకు పోయాను, వెనక్కొచ్చాను, పక్కకు గెంతాను. ఇందులో ఏది కాపాడిందో తెలీదు. ఒక్కటి మానినా పిల్లలు దక్కరేమో!"

అందుకని మర్నాడూ మూడూ చేసింది.

అప్పటినుంచే కుందేలు పిల్లల్ని విడివిడిగా దాస్తుంది. పడుకోబోయేముందు ముందుకు పోయి, తన జాడ మీదే వెనక్కి మళ్లి, పక్కకు గెంతి మరీ పడుకుంటుంది. ఎందుకని అడగకండి, దానికి ఇప్పటికీ తెలీదు.