హార్మనీ పెట్టె ముందు పీట

ఆంగ్లపదానికి అర్థం అడిగిన శిష్యులకు అచ్యుతరామయ్య మాస్టారు వెంటనే బదులు చెప్పేవారు కారు. "ఎంప్టీ అన్నా, వేకెంట్ అన్నా నిఘంటువులో ఖాళీ అనే ఉందండీ. ఒక్క అర్థానికి రెండు మాటలెందుకు మాస్టారూ?" అని వకుళ అడిగిన ఉదయం కూడా అంతే. "సాయంత్రం మా నాటక సమాజానికి రా. శనివారం ప్రదర్శన పెట్టుకున్నాం, హార్మనీ వాయించేవారు లేరు" అన్నారు.

పద్యనాటకానికి వాయించాలన్నది హార్మనీ నేర్చుకున్న వకుళకు చిన్ననాటి కోరిక. ఆనందంతో ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

రిహార్సలు గదిలో హార్మనీ పెట్టె, దాని ముందు పీట, పీట పక్కన గ్లాసుడు టీ ఉన్నాయి. వకుళ వెళ్ళి పీట మీద కూర్చున్నదో లేదో, కృష్ణ వేషధారి వెంకటప్పయ్య గద్దించాడు.

"లే అమ్మాయీ! అది మా బావ పీట."

ఆ బావ, హార్మనిస్టు కోదండపాణి, పోయి రెండు నెలలైంది. అయినా రిహార్సలుకు ముందు ఆయన టీ ఆయన చోట పెట్టడం వాళ్ళు మానలేదు. వకుళ లేచి గోడవారకు జరిగింది. ఇక తనకు ఇక్కడ పని లేదనుకొన్నది. మాస్టారు గది మూలకు చూశారు.

మూలన కూర్చుని వేషాల దుస్తులు కుడుతున్న చూడామణమ్మ సూది పక్కన పెట్టింది. ఆమె కోదండపాణి భార్య, వెంకటప్పయ్యకు అక్క.

"ఏమిరా తమ్ముడూ, రెండు నెలలుగా శ్రుతి లేక గొర్రెలా అరుస్తున్నావు. మీ బావ వింటే ఊరుకునేవాడా?" అంటూ వచ్చి, పీటను కొంగుతో తుడిచింది. తుడిచిన చోటనే ఆమె చెయ్యి కాసేపు ఆగింది. తరువాత వకుళను భుజం పట్టి కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చింది.

"తాగి మొదలుపెట్టు తల్లీ. చల్లారిన టీ అంటే ఆయనకు ఒళ్ళుమంట."

వకుళ శ్రుతి పట్టింది. వెంకటప్పయ్య పద్యం ఎత్తుకొని, రాగం తీయబోయి, పీట వైపు చూసి ఆగాడు. వకుళ అదే స్వరం మీద వేలు తీయకుండా, అతడు అందుకొనేదాకా కాచుకొని ఉన్నది.

తిరిగివచ్చే దారిలో పొద్దుటి ప్రశ్న గుర్తొచ్చి ఆమె మాస్టారి వైపు చూసింది.

"ఆ పీట ఎంప్టీగా ఉన్నదని మనకందరికీ కనిపిస్తూనే ఉన్నదమ్మా" అన్నారాయన. "వేకెంట్ అయిందని చెప్పగలిగినది ఆవిడ ఒక్కతే."