సోమయాజులుగారు మట్టి తొక్కిన రోజు

కర్మ గురించి ఏ శాస్త్రం ఏం చెప్పిందో కేశవభట్లుకి కంఠతా వచ్చు. వేదంలో ఆ మాటకి యజ్ఞమనే అర్థం ఎక్కడుందో, ఉపనిషత్తుల దగ్గరికొచ్చేసరికి అది మరుజన్మ దాకా మనిషి వెంట నడిచొచ్చేదెలా అయిందో, స్మృతులు దాన్ని ఎన్ని రకాలుగా విడదీశాయో అడిగితే చాలు, తాటాకు తీసి చూపించేవాడు. మూడేళ్లు కూర్చుని రెండొందల ఆకుల మీద గంటంతో రాసి కట్ట కట్టాడు. నిజం చెప్పొద్దూ, నాగావళి ఒడ్డున అంత చదువు ఇంకెవరికీ లేదు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు, అదే వచ్చిన చిక్కు.

గురువు సోమయాజులుగారు కట్ట మొత్తం చదివారు. "బావుందిరా" అన్నారు. కేశవుడికి ఆ ఒక్క మాట చాలలేదు.

ప్రతి అమావాస్యకీ పూజకి కొత్త కుండ కావాలి. కుమ్మరి గవరమ్మ తెల్లారేసరికి తెచ్చి అరుగు మీద పెట్టేది. ఆ అమావాస్యకి పొద్దెక్కినా రాలేదు.

"గవరమ్మ రాలేదేంరా?" అడిగారు గురువుగారు.

"మొన్న వచ్చింది గురువుగారూ, మీరు ఏటికి వెళ్లినప్పుడు. ఆవంలో కాల్చిన కుండలన్నీ పగిలిపోయాయట. మొగుడికి కాలు విరిగిందట. 'నానేటి పాపం సేసినాను బాబూ' అని ఒకటే ఏడుపు. ఏ జన్మలో చేసింది ఏ జన్మలో పండుతుందో ఆకులు తీసి విడమరిచి చెప్పాను. నాలుగు ప్రమాణాలు చూపించాను." కేశవుడు ఆ మాట కాస్త గర్వంగానే అన్నాడు. "దణ్ణం పెట్టి వెళ్లిపోయింది."

సోమయాజులుగారు ఉత్తరీయం భుజాన వేసుకుని లేచారు. "పద."

కేశవుడు కట్ట చంకన పెట్టుకుని వెంట నడిచాడు.

కుమ్మరి వాకిట్లో చక్రం ఆగిపోయి ఉంది. కాలికి బద్దలు కట్టుకుని సూరన్న గోడకి చేరగిలబడ్డాడు. గుంటలో నానబోసిన మట్టి అంచుల్లో ఆరిపోతోంది. గవరమ్మ గడప మీద కూర్చుని దాని వంకే చూస్తోంది.

"పదిరోజుల్లో జాతర బాబూ," అన్నాడు సూరన్న. "సెక్రం ఎలాగోలా కూకుని తిప్పుతాను. మట్టి తొక్కీవోలే లేరు. గవరమ్మ గుంటలో దిగనంటాది. ఈ కుండలు అమ్మకపోతే వానలన్నాళ్లూ పస్తే."

"నా పాపిష్టి కాలు పడితే ఈ కుండలూ పగిలిపోతాయి," అంది గవరమ్మ. "సిన్న బాబు ఆకు తీసి సెప్పినారు కదా."

కేశవుడి మొహం మాడిపోయింది.

సోమయాజులుగారు పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగారు. డెబ్బై ఏళ్ల మనిషి, నిత్యాగ్నిహోత్రం చేసే మనిషి! ఎంత మనసు కావాలి దానికి!

"గురువుగారూ! మడి!" అని కేక పెట్టాడు కేశవుడు.

"తడిపి ఆరేస్తే మళ్లీ మడేరా."

గవరమ్మ పరిగెత్తుకొచ్చింది. "అయ్యో బాబూ, తప్పు! మాకు పాపం సుట్టుకుంటాది, ఎక్కి రండి!"

"నాకు తొక్కడం రావట్లేదు తల్లీ. మడమ ముందా, వేళ్లు ముందా?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మడమ బాబూ. అంచు కాణ్నించి లోపలికి రావాల."

"నోటితో చెబితే ఎలా? చూపించు."

గవరమ్మ దిగింది. ఒక అడుగు వేసింది, ఇంకోటి వేసింది. పెద్దాయన తూలుతుంటే చెయ్యి పట్టుకుని, ఆపుకోలేక నవ్వేసింది. గోడ దగ్గర సూరన్న చక్రం మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

కేశవుడు గుంట అంచున వంగి మెల్లగా అడిగాడు. "గురువుగారూ, నేను చెప్పింది తప్పా? అన్నీ శాస్త్రంలో ఉన్నవే."

"ఉన్నవే. తప్పని నేనన్నానా?" సోమయాజులుగారు తొక్కడం ఆపలేదు. "ఆవిడ కర్మ ఎక్కడుందో వెతికి పెట్టావు. ఆవిడ నీ ముందు నిలబడి ఏడ్చినప్పుడు, నీ కర్మ ఏ ఆకులో ఉందిరా?"

కేశవుడు కట్ట తీసి గోడ వారన పెట్టాడు. పంచె ఎగ్గట్టి గుంటలోకి దిగాడు. దిగాక ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

"మడమ ముందు, సిన్న బాబూ," అంది గవరమ్మ.