కొనేవాళ్ల పీట

తణుకులో కత్తిపీటలు చేసే బ్రహ్మలింగాచారి పనిలో ఎంత నేర్పరో, ఒకరి మాట వినడంలో అంత మొండివాడు. ఆయన చేసిన కత్తి వెంట్రుకని నిలువునా చీల్చేది. తాత ఏ కొలతతో చేశాడో తండ్రి అదే కొలతతో చేశాడు, ఈయనా అదే కొలతతో చేసేవాడు. ఎవరైనా కత్తిపీట వెనక్కి తెచ్చి "చెయ్యి తెగిందండీ" అంటే, దాన్ని తిప్పి కూడా చూసేవాడు కాడు. "ఆడలేక మద్దెల ఓడు అన్నారు. కొయ్యడం నేర్చుకోండి" అని పంపేసేవాడు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చేవారు కాదు.

రానురాను కొలిమి వారానికి మూడు రోజులే మండుతోంది. షెడ్డులో అయిదుగురు పనివాళ్లున్నారు. పెద్దవాడు పైడయ్య ఆచారి తండ్రి కాలం నుంచీ ఉన్నాడు. కొట్టు మూసేస్తే ఈ వయసులో అతన్ని పనిలో పెట్టుకునేవాడు ఎవడూ లేడు. ఆ సంగతి ఆచారికీ తెలుసు. అందుకే, చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఏదో సాయం చేస్తోందంటే ఇష్టం లేకపోయినా వెళ్లి దరఖాస్తు పెట్టాడు.

పదిహేను రోజులకి ఫరీదా అనే అమ్మాయి వచ్చింది. డిజైన్ చదువుకున్న మనిషి. వస్తువు ఎలా ఉండాలో వాడేవాళ్ల దగ్గర తెలుసుకుని, కొట్టు నడిపే పద్ధతంతా దాన్నిబట్టే మార్చుకోవడం నేర్పడానికి ప్రభుత్వం ఆమెని మూడు నెలలపాటు పంపింది. జనం కోరుకునే వస్తువు ఒక్కటి తయారైతే, దాని అచ్చులకీ మరలకీ కూడా ప్రభుత్వమే సాయం చేస్తుంది. లేకపోతే అంతటితో సరి.

ఆమె మొదటిరోజు యంత్రాల జోలికి పోలేదు. ఒక చిన్న చెక్కపీట తెచ్చి పనిబల్ల పక్కన వేసింది. దాని ముందు నేలమీద ఒక కత్తిపీట పెట్టించింది.

"ఇది కొనేవాళ్ల పీట, ఆచారి గారూ. దీనిమీద మనం ఎవరం కూర్చోకూడదు. మీరు ఏ నిర్ణయం తీసుకున్నా ముందు ఇటు చూసి, కత్తిపీట కొన్న ఆవిడ ఏమంటుందో అనుకోండి."

"ఖాళీ పీట ఏమంటుందమ్మా?" అని ఆచారి నవ్వాడు. పనివాళ్లూ నవ్వారు. ఆమె వారంలో వస్తానని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటకముందే ఆచారి తన తువ్వాలు తీసి ఆ పీటమీద పడేశాడు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లారు. ఆచారి షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు. తిరిగొచ్చి తలుపు తీస్తే తువ్వాలు మడత పెట్టి ఓ మూల ఉంది. నేలమీద ఉండాల్సిన కత్తిపీట పనిబల్ల మీద ఉంది. పైడయ్య పనే అనుకుని ఆచారి కేకలేశాడు. పైడయ్య తనకేమీ తెలియదని దణ్ణం పెట్టి చెప్పాడు. కత్తిపీటని మళ్లీ కిందపెట్టారు.

రెండోరోజూ అదే జరిగింది. మూడోరోజు తలుపు తీసేసరికి ఇనుమూ బొగ్గూ తప్ప మరో వాసన ఎరగని ఆ షెడ్డులో పచ్చి దోసకాయ వాసన గుప్పుమంది. బల్లమీదున్న కత్తిపీట అంచుకి రెండు దోసగింజలు తడితడిగా అంటుకుని ఉన్నాయి. పైడయ్య వాటిని చూసి, మర్నాటి నుంచి భోజనానికి ముందే బయటికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు. నాకు చెప్పినవాడు ఆ పైడయ్యే. అబద్ధం చెప్పే మనిషి కాడు.

అయిదోరోజు ఆచారి ఇంటికి పోలేదు. దీని సంగతేమిటో తేల్చుకుందామని తాళం వేసిన తలుపుకి ఆనుకుని ఎండలో కూర్చున్నాడు. వీధి నిండా జనం తిరుగుతున్నారు. కాసేపటికి లోపల కసక్, కసక్ మని కూర తరిగే చప్పుడు మొదలైంది. నిదానంగా, అలవాటున్న చేతి చప్పుడు. ఆ తర్వాత కత్తిపీట చెక్క బల్లమీద జర్రున జారిన చప్పుడు. ఎవరో స్స్ మని ఊపిరి పీల్చారు. అంతే, ఇంకేమీ వినపడలేదు.

ఆచారి తాళం తీసి తలుపు తోశాడు. లోపల ఎవరూ లేరు. పీట ముట్టుకుంటే, ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంది. పనిబల్ల మీద మసి పట్టినచోట ఒక ఎడమచేతి తడి గుర్తు పడి ఉంది. ఆడవాళ్ల చెయ్యి. బొటనవేలికి అడ్డంగా సన్నటి గీత. తడి ఆరిపోయినా, మసి చెరిగినంతమేరా ఆ గుర్తు అలాగే నిలిచింది. నిప్పుతో నలభై ఏళ్లు చెలగాటమాడిన మనిషికి ఆ మిట్టమధ్యాహ్నం ఒళ్లు చల్లబడింది.

వారం తిరిగి ఫరీదా వచ్చేసరికి ఆచారి అంతా చెప్పాడు. ఆమె ఆ గుర్తుని చాలాసేపు చూసింది. ఎవరిదో తనకి తెలియదంది.

"మీరు ఈ పీటవైపు చూడటం మాత్రం ఇదే మొదటిసారి. పదండి, మీ కత్తిపీటలు కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్దాం."

ఇదివరకైతే ఆచారి కదిలేవాడు కాదు. ఇప్పుడు ఆ షెడ్డులో ఒక్కడూ ఉండటానికి భయమేసి కదిలాడు.

నాలుగు ఇళ్లు చూశారు. ఏ ఇంట్లోనూ కత్తిపీట నేలమీద లేదు. ఆచారి తాత కాలంలో ఆడవాళ్లు నేలమీద కూర్చుని, చెక్కని కాలితో తొక్కిపట్టి తరిగేవాళ్లు. ఇప్పుడు వంటగదుల్లో గట్లొచ్చాయి. కొందరికి మోకాళ్లు వంగవు. అందరూ కత్తిపీటని గట్టుమీద పెట్టుకుని నిలబడే తరుగుతున్నారు. తొక్కిపట్టే కాలు లేక చెక్క నున్నటి రాతిమీద జారిపోతోంది. ఒకావిడ కింద తడిగుడ్డ వేసుకుంది. ఒకావిడ పొత్రాన్ని చెక్కమీద బరువు పెట్టుకుంది. మూడో ఆవిడ తాడుతో కిటికీ ఊచకి కట్టుకుంది. నాలుగో ఆవిడ తెగిన ఎడమచెయ్యి చాపి చూపించింది.

ఆచారి ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. భార్య మాణిక్యాంబ వడ్డిస్తోంది. కూర వెయ్యడానికి వంగినప్పుడు ఆమె ఎడమచెయ్యి పళ్లెం అంచుమీద ఆనింది. బొటనవేలికి అడ్డంగా సన్నటి గీత.

ఆయన నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. లేచి, ఎన్నడూ తొంగిచూడని వంటగదిలోకి వెళ్లాడు. గట్టుమీద తాను చేసిన కత్తిపీటే ఉంది. పక్కనే తరిగిన దోసకాయ ఉంది.

"ఎప్పుడు తెగింది?" అని అడిగాడు.

"మీరు గట్టు కట్టించిన ఏడే అండి. మూడేళ్లయింది. నరం తెగిందన్నారు, ఆ వేలికి స్పర్శ లేదు."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే ఏమంటారో నాకు తెలుసు కదండీ. మన ఇంటి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్లందరితో అనేవారుగా, ఆడలేక మద్దెల ఓడు అని."

ఆచారి తలతిప్పి ముందుగదిలోకి చూశాడు. గోడమీద తండ్రి ఫొటోకి ప్లాస్టిక్ దండ ఉంది. మాణిక్యాంబ కట్టే మల్లెదండ ఆ వీధిలో ఎవరూ కట్టలేరని పేరు. ఆ వేలితో ఇక దండ కట్టలేక ఆమె ఎప్పుడో మానేసింది. మూడేళ్లుగా ఆ ఫొటోకి రోజూ దణ్ణం పెడుతున్న మనిషికి అది కనపడనేలేదు. ఆయన వంటగది గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఏడవాల్సిందే మరి.

మర్నాడు ఆయనే భార్యని షెడ్డుకి తీసుకొచ్చాడు. పెళ్లయ్యాక ఆమె అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. ఎవరూ చెప్పకుండానే ఆమె తిన్నగా ఆ పీట దగ్గరికి వెళ్లింది. కూర్చుంటూ ఆసరా కోసం బల్లమీద ఎడమచెయ్యి వేసింది. మసిలో ఉన్న గుర్తుమీద ఆ చెయ్యి వేలికి వేలు, గీతకి గీత సరిపోయింది. పైడయ్య గోడకి జరిగాడు. మాణిక్యాంబకి మాత్రం ఏమీ తెలియలేదు. "ఎప్పుడో వచ్చినట్టే ఉందండీ ఇక్కడికి" అంది.

ఆ తర్వాత కొట్టులో ఏ పనైనా ఆమెని అడిగాకే మొదలయ్యేది. గట్టు అంచుకి మరసీలతో బిగించే కత్తిపీట చేశారు. మొదటిది బాగాలేదని ఆమె పక్కన పెట్టింది. రెండోదీ పక్కన పెట్టింది. ఆచారి మళ్లీ కొలిమి దగ్గరికి వెళ్లాడు. మూడోది గట్టుకి బిగించి దోసకాయ తరిగి, "ఇది కదలట్లేదు" అంది. మూడు నెలలు నిండాక పరిశీలనకి వచ్చిన అధికారులు అచ్చులకి సాయం మంజూరు చేశారు. కొలిమి వారమంతా మండింది, పైడయ్య పని నిలిచింది. మాణిక్యాంబ వేలికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు షెడ్డులో ఏ చప్పుడూ లేదు. అయినా ఆచారి తాళం తీయగానే ముందు ఆ పీటమీద చెయ్యి వేసి చూస్తాడు. వెచ్చగా ఉంటే, ఆ రోజు మరో ఇంటికి వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడి, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగి వస్తాడు.

నీతి: మనం చేసిన వస్తువు మంచిచెడ్డలు వాడేవాళ్లని అడిగి తెలుసుకోవాలి. వాళ్ల మాట చెవిన పెట్టని నేర్పు ఎంత గొప్పదైనా, ముందుగా మనవాళ్ల చెయ్యే కోస్తుంది.