కుట్టు గుర్తు

భిక్షుణి రోహకు ఇరవై ఆరేళ్లు. ఎక్కడ కూర్చోబోయినా ముందు వెనక్కి తిరిగి చూసుకుంటుంది, ఎవరి దారికైనా అడ్డమవుతున్నానేమోనని.

కృష్ణ ఒడ్డున కొండ మీది విహారంలో వానాకాలం అయిపోవస్తోంది. కొండంతా ఆరవేసిన కాషాయాలే. పొగమంచులో అవి తేలుతుంటే కొండే మెల్లగా నదిలోకి జారిపోతున్నట్టుంది.

మర్నాడు పున్నమి. సభలో గాథలు చదవమని పెద్ద భిక్షుణి భద్ర రోహకు చెప్పింది. భద్రను అందరూ అవ్వా అంటారు. మూడు వందల గాథలూ కంఠతా వచ్చింది రోహకొక్కదానికే.

ఇసిలుడనే భిక్షువు అందరి ముందూ లేచాడు. "ఆడ శరీరం అసంపూర్తి శరీరం. మగపిండం కాబోయి సగంలో ఆగిపోయింది. అలాంటి నోట సంపూర్ణమైన ధర్మం ఎలా వస్తుంది?"

నీకెన్ని గాథలు వచ్చని అతన్నెవరూ అడగలేదు. అడగరు.

రోహ అవ్వ దగ్గరికి వచ్చింది. అవ్వ కాషాయానికి అతుకులు వేస్తోంది.

"అవ్వా, నిజమేనా? నేను సగంలో వదిలేసిన పనినా?"

అవ్వ తలెత్తలేదు. "ఆ పెద్దమనిషిని పిలు."

స్నానానికి బయలుదేరిన ఇసిలుడు భుజాన గుడ్డతో వచ్చాడు. అవ్వ రెండు పేలికలు అతని ముందు పరిచింది. ఒక్కోదాని నడిమధ్యన ఒక చీలిక, చీలిక పైకొసన చిన్న ముడి.

"కొలువు నాయనా."

వేళ్లతో కొలిచాడు. "రెండూ ఒకటే."

అవ్వ ఒక చీలిక అంచులను రేకుల్లా విప్పి వదిలేసింది. రెండో దాని అంచులు దగ్గరికి లాగి, కింది నుంచి పైదాకా కుట్టి, దారం కొరికింది.

"ఇప్పుడు ఏది అసంపూర్తి?"

"కుట్టనిది."

"అలాగా. మరి నువ్వు ఏ దారిన పుట్టావు నాయనా, కుట్టిన దారినా?"

రోహకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తల గొరిగించుకోక ముందు నేను మంత్రసానిని," అంది అవ్వ. "రెండో నెలలో జారిపోయిన పిండాలను ఈ చేతుల్తోనే నదిలో వదిలాను. బొటనవేలంత ఉంటాయి. ఆడో మగో చెప్పమని తల్లులు ఏడ్చేవాళ్లు. చెప్పలేకపోయేదాన్ని. అన్నిటికీ ఒకటే మొగ్గ, ఒకటే చీలిక. ఆ తర్వాతే కొందరికి విచ్చుకుంటుంది, కొందరికి కుట్టు పడుతుంది."

"కుట్టు పడిందని రుజువేమిటి?" అన్నాడు ఇసిలుడు.

"రేవుకే పోతున్నావుగా. నడుము కిందికి చూసుకో. నడిమధ్యన కుట్టులాంటి గీత ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ ఉంది."

ఇసిలుడు వెళ్లాడు. పొగమంచు అతన్ని నడుం దాకా, ఆపైన తల దాకా మింగేసింది. నది చప్పుడు లేకుండా పారుతోంది. అవ్వ మళ్లీ సూది అందుకుంది.

చాలాసేపటికి అతను తడిబట్టలతో తిరిగొచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు. సభామంటపంలో ముందు వరుసలోని తన చాప చుట్టి, వెనక వరుసకు తీసుకుపోయాడు.

ఖాళీ అయిన చోటు రోహ చూసింది. కుట్టిన పేలికా విప్పిన పేలికా రెండూ కలిపి అవ్వ కాషాయానికి అతుకు వేసేసింది.

పున్నమి సభలో రోహ ఆ కాషాయమే కప్పుకుని మూడు వందల గాథలూ చదివింది. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ముందు వరుసలోనే కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు.