తోకకు పాలు పట్టిన రాజు

అనగనగా, ఏ కాలమో నన్నడగకండి పిల్లలూ, చండకేతుడనే రాజు ఉండేవాడు. పొరుగు రాజు నెమలిని పెంచుతున్నాడని విని, తాను పామును పెంచుతానని పట్టుబట్టాడు. అంతకు ముందు పిల్లినైనా పెంచి ఎరుగడు!

భటులు అడవికి పోయి మూడు పాములను తెచ్చారు.

త్రాచు పడగ విప్పి, "రాజా, నాకు విషముంది. పెంపకానికి కొత్తవాడివి, నా జోలికి రాకు" అంది.

జెర్రిపోతు, "నాకు విషం లేదు గాని, పరుగెత్తనిదే తోచదు. పెట్టెలో ఇమడలేను" అంది.

మట్టిరంగు రెండుతలల పాము మెల్లగా, "నాకు విషమూ లేదు, పరుగూ లేదు. దూరి పడుకోవడానికి ఇంత ఇసుక ఉంటే చాలు" అంది.

రాజు దాన్నే ఎంచుకున్నాడు. బాగానే ఉంది. మరి ఇసుక ఏదీ? అది అడిగింది ఒక్కటే, ఆ ఒక్కటీ చెవిన పెట్టలేదు! బంగారు పంజరం చేయించాడు. పట్టు పరుపు వేయించాడు. చవితినాడు పుట్టలో పాలు పోస్తాం గనుక దీనికీ పాలే పట్టమన్నాడు. పేరులో రెండు తలలున్నాయి గనుక రెండు వైపులా పట్టించాడు. ఒకవైపు ఉన్నది తోక! తోకకు పాలు పట్టే మనిషిని ఏమనాలి?

పాము నీరసించి కదలడం మానేసింది.

రాణి కుముదవల్లి అది చూసి మండిపడింది. "ప్రభూ, పెంచడానికి తెచ్చారా, చంపడానికి తెచ్చారా?" అని, పాము వైపు వంగి, "నీకేం కావాలి తల్లీ?" అని అడిగింది.

"ఇసుక," అంది పాము. "మొదటే చెప్పాను."

రాణి తన చీరల పెట్టె ఖాళీ చేసింది. మూతకు గాలి కోసం సన్నని చిల్లులు పొడిపించింది. అడుగున పొడి ఇసుక మందంగా పోసి, ఒక మూల నీళ్ల మూకుడు పెట్టింది. ఆకలికి ఎలుకను పెట్టించింది. పాము తిన్నది, తాగింది, ఇసుకలోకి దూరి కోలుకుంది.

ఒకనాడు పొరుగు రాజు చూడవచ్చాడు. చండకేతుడు గర్వంగా మూత తెరిచాడు. లోపల ఇసుక తప్ప ఏమీ లేదు.

"కనబడని పామును పెంచి ఏం లాభం?" అని చండకేతుడు అరిచాడు.

"హాయిగా ఉంది గనుక దాక్కుంది," అంది రాణి. "మీకు కనబడినన్నాళ్లూ అది చస్తూ ఉంది ప్రభూ!"

రాజు తల వంచుకుని, మూత తానే మెల్లగా మూశాడు.

ప్రాణిని ఇంటికి తెచ్చుకునేవాడు తన ముచ్చట కంటే ముందు దాని అవసరం తెలుసుకోవాలి.