తవుడు కోసం ఎదురుచూసిన గవిరయ్య

అనగనగా ఒక ఊళ్ళో, ఏటి ఒడ్డున, ఈతాకు చీపుళ్ళు కట్టి అమ్ముకునే గవిరయ్య అనేవాడు ఉండేవాడు. ఊఁ కొడుతూ ఉండాలి, లేకపోతే ఆపేస్తాను. వాడికి ముందూ వెనకా ఎవరూ లేరు. పూట గడవడమే కష్టం, మనసు మాత్రం వెన్న.

ఒకరోజు పొద్దున్నే ఈతాకు కోసుకురావడానికి పోతుంటే, ఊరి చివర పెంటకుప్ప మీద ఒక చేట, చేటలో పసిపిల్ల! గవిరయ్య కంగారు పడలేదు. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది మరి. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, ఈ బిడ్డయినా దక్కాలని చేటలో పెట్టి కుప్ప మీద ఉంచుతుంది. ఎవరో ఎత్తుకుంటారు. అప్పుడు తల్లి వచ్చి, వాళ్ళ చేతిలో తవ్వెడు తవుడు పోసి, బిడ్డను కొనుక్కున్నట్టు తీసుకుపోతుంది.

గవిరయ్య పిల్లను ఎత్తుకుని అక్కడే కూర్చున్నాడు. తల్లి రాలేదు. మర్నాడూ కూర్చున్నాడు. రాలేదు. మూడోనాడూ రాలేదు.

పక్కింటి అప్పయ్యమ్మ మేకపాలు తెచ్చిచ్చి, "ఒరే గవిరీ, అది మొక్కు కాదురా. ఆడపిల్లని వదిలేసి పోనారు" అంది.

"అలాగనకప్పా. ఇంట్లో తవుడు నేదేమో. దొరికితే వస్తాది" అన్నాడు. అంత వెర్రిబాగులవాడు!

అప్పుడు పిల్లను ఇంటికి తెచ్చుకున్నాడు. తను గంజి తాగి, దానికి అన్నం పెట్టాడు. ఆ తర్వాత వేలు పట్టి నడిపించాడు. ఆ తర్వాత జడ వెయ్యడం నేర్చుకున్నాడు. ఆ జడ అచ్చం చీపురులా ఉండేది. నవ్వకు, మీ నాన్న వేసే జడ కూడా అంతేగా!

అన్నీ చేశాడు గానీ పేరు పెట్టలేదు. "కన్నోళ్ళు పెట్టుకుంటారు" అనేవాడు. అయ్యా అని పిలవనిచ్చేవాడు కాదు, మావా అనమనేవాడు. తవుడు గంపతో ఏ ఆడమనిషి అటు వచ్చినా వాడి గుండె గుభేలుమనేది. అయినా పిల్ల మొహం కడిగి, బొట్టు పెట్టి, తయారుగా ఉంచేవాడు. ఆ తవుడు గేదెలకని తెలిశాక అరుగు మీద కూలబడేవాడు.

పిల్లకి ఏడేళ్ళొచ్చాయి. "నాకెందుకు మావా ఊరికే మొహం కడుగుతావు?" అని అడిగింది. గవిరయ్య ఉన్నదంతా చెప్పేశాడు.

మర్నాటి నుంచి పిల్ల వడ్లు దంచేవాళ్ళ దగ్గరికి పోయి, చెరగడానికి సాయం చేసింది. మొదటిరోజు చారెడు తవుడిచ్చారు. రెండోరోజు దోసెడిచ్చారు. మూడోరోజుకి తవ్వెడయింది.

అప్పుడు ఆ తవుడంతా పరికిణీలో పోసుకొచ్చి, చీపుళ్ళు కడుతున్న గవిరయ్య ముందు నిలబడింది. "చేతులు పట్టు" అంది. దోసిలి నిండా పోసేసింది.

"నన్ను నానే కొనీసుకున్నాను. ఇంక ఎవులూ రానక్కర్నేదు. నానెవరి పిల్లనో నా ఇష్టం. అయ్యా, ఆకలేస్తంది, అన్నం పెట్టు."

గవిరయ్యకి చేతుల్లో తవుడు ఒలకబొయ్యడం ఇష్టం లేదు, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. అలాగే ఏడ్చాడు, అలాగే నవ్వాడు.

"రాయే, నా తవిటమ్మా" అన్నాడు.

కథేమో కంచి దారి పట్టింది,
తవిటమ్మ అయ్య వేలు పట్టింది,
మా బంగారుతల్లికి నిద్ర పట్టింది.